మీ సరుకు ఎంత దూరం పోతుందో ముందు అది చెప్పండి

(అనంతపురంలో చిన్న అంగళ్ళ వాళ్ళు, ఇంటి దగ్గరే వ్యాపారం చేసుకునే ఆడవాళ్ళు కలిసి పెట్టుకున్న సమావేశంలో మాట్లాడినది. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫోన్లు లోపల పెట్టమని నేను చెప్పను, రొంతసేపు ఆగితే వాటితోనే పని.

నాకు ఇచ్చిన టాపిక్ ఏందంటే, చిన్న వ్యాపారానికి సోషల్ మీడియాలో ఫాలోవర్లను పెంచుకునేది ఎట్లా అని. దానికి నేను ఒక మాట చేర్చుకున్నా, సరైన ఫాలోవర్లను అని. ఊరికే ఫాలోవర్లు కావాలంటే నేను కడప నుంచి బస్సెక్కి రావాల్సిన పని లేదు, మీ ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లోడు చాలు, వాడు ఏ పాట నడుస్తోందో చూసి దాని మీద ఏదో ఒకటి చేసి పెడతాడు, వ్యూస్ వస్తాయి, నంబర్ పెరుగుతుంది, పెళ్ళికి పోతే చుట్టాలు "మీ రీల్ చూసినాం" అంటారు. గల్లాపెట్టెలో మాత్రం ఎప్పటి లెక్కే. నేను మన మూడు నాలుగు జిల్లాల్లో చిన్న అంగళ్ళ పేజీలు చూసుకుంటుంటా, ఎక్కువమంది నా దగ్గరికి వచ్చేది ఈ బాధతోనే. ఫాలోవర్లు ఉన్నారు సార్, గిరాకీ లేదు అని.

సరే, ఇక్కడ టిఫిన్ సెంటర్ నడిపేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ, అన్నా, మీదే. ఏం పెడతారు పొద్దున? ఉగ్గాని బజ్జి. ఇంకేం, రాజా టిఫిన్. ఇప్పుడు చెప్పండి, మీ బజ్జి ఎంత దూరం పోతుంది? కవర్లో కట్టి ఇచ్చినారనుకోండి, ఇరవై నిమిషాల తర్వాత మెత్తబడిపోతుంది, ఉగ్గాని చల్లారితే దాని పస పోతుంది. అంటే మీ సరుకు బండి మీద పదిహేను ఇరవై నిమిషాల దూరం దాటి పోదు. మరి హైదరాబాదులో ఉండే ఫాలోవర్ మీకు ఎందుకు? వాడు లైకు కొడతాడు, "నోరూరుతోంది బ్రో" అని కామెంట్ పెడతాడు, అక్కడే ఏదో తినేసి పడుకుంటాడు. మీకు కావాల్సింది ఈ చుట్టుపక్కల హాస్టల్లో ఉండే పిల్లలు, పొద్దున బ్యాంకుకీ కోర్టుకీ పోయేవాళ్ళు, క్లాక్ టవర్ దగ్గర పని ఉండి పల్లె నుంచి దిగేవాళ్ళు.

పక్కన కూర్చున్న అక్క ధర్మవరం నుంచి వచ్చినారు, పట్టుచీరలు. మీ సరుకు ఎంత దూరం పోతుందక్కా? అమెరికాకు కూడా పోతుంది. బరువు తక్కువ, విలువ ఎక్కువ, చెడిపోదు. ఆమెకు అనంతపురం ఫాలోవర్ కంటే బెంగళూరు ఫాలోవర్ మేలు కావచ్చు, ఎందుకంటే ఇక్కడివాళ్ళు చీర కావాలంటే రైలెక్కో బండెక్కో ధర్మవరం పోయి నాలుగు అంగళ్ళు తిరిగి బేరమాడి తెచ్చుకుంటారు, ఫోన్లో చూసి కొనాల్సిన అవసరం వాళ్ళకు లేదు. బెంగళూరులో ఉద్యోగం చేసుకునే మన అనంతపురం ఆడబిడ్డకు ఆ తీరిక లేదు. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది కానీ, చీర కొనేవాళ్ళకు జిల్లాతో పని లేదు, ధర్మవరం అనే పేరుతోనే వెతుకుతారు.

ఒకే హాల్లో, రెండు కుర్చీల్లో పక్కపక్కన ఉన్న ఇద్దరికి కావాల్సిన ఫాలోవర్లు ఇంత వేరు. అందుకే "ఫాలోవర్లను పెంచే పది చిట్కాలు" అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరికి చెప్తున్నావు నాయనా, బజ్జీలకా, చీరలకా?

మన పక్కనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అక్కడ మేకతోలు మీద బొమ్మలు గీసి దీపాల షేడ్లు చేస్తారు, గోడకు తగిలించుకునేవి చేస్తారు. వాటిని కొనేది ఎవరు? ఎక్కువగా బెంగళూరులో, ఢిల్లీలో ఇళ్ళకు డెకరేషన్ చేసేవాళ్ళు, హోటళ్ళవాళ్ళు. అట్లాంటి సరుకు అమ్మేవాళ్ళు మన తెలుగులో, మన యాసలో రీల్ పెడితే మనందరం చూసి మురిసిపోతాం, షేర్ చేస్తాం, ఒక్కరం కొనం. అదే వీడియో కింద ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు, సైజు ఎంత, ఎంత పొడుగు గోడకు సరిపోతుంది, కొరియర్ ఎట్లా ప్యాక్ చేస్తారు అని రాస్తే, చూసేవాళ్ళు పదో వంతే ఉండొచ్చు, ఆర్డర్లు వాళ్ళ దగ్గరి నుంచే వస్తాయి. రాయదుర్గంలో జీన్స్ కుట్టించేవాళ్ళ సంగతి ఇంకో రకం. బళ్ళారి పక్కనే ఉంది, కన్నడం మాట్లాడే వ్యాపారులు కొనేవాళ్ళు, ఆ పేజీలో కన్నడంలో రెండు మాటలు లేకపోతే ఎట్లా? మడకశిర, హిందూపురం వాళ్ళకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు, అంగట్లో రెండు భాషలూ మాట్లాడతారు, ఫోన్ పట్టుకుంటేనే మర్చిపోతారు.

ఇప్పుడు ఫోన్లు తీయండి. ఇన్‌స్టాగ్రామ్ తెరవండి. ప్రొఫెషనల్ అకౌంట్‌కు మార్చుకోనివాళ్ళు ఉంటే ఇంటికి పోయి మార్చుకోండి, డబ్బు కట్టే పని లేదు. మార్చుకున్నవాళ్ళు మీ ప్రొఫైల్లో డ్యాష్‌బోర్డ్ అని ఉంటుంది చూడండి, అందులోకి పోతే ఇన్‌సైట్స్, అందులో ఫాలోవర్స్. నొక్కండి. కిందికి జరపండి. ఏ ఊరివాళ్ళు ఎంతమంది, ఏ వయసు, ఆడా మగా, అన్నీ శాతాల్లో చూపిస్తుంది. వంద మంది కూడా లేని అకౌంట్లకు ఇవి కనపడవు, వాళ్ళు పక్కవాళ్ళది చూడండి.

ఎవరైనా గట్టిగా చదవండి. ఏదీ, మీరు చదవండమ్మా. చీరల పేజీ కదా మీది? "మగవాళ్ళు అరవై ఎనిమిది శాతం." (నవ్వులు) వయసు? "పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు." (పెద్దగా నవ్వులు) నవ్వకండి, నవ్వకండి, ఇది ఈమె ఒక్కరి కథ కాదు, మన జిల్లాల్లో నేను చూసిన చీరల పేజీల్లో, డ్రెస్సుల పేజీల్లో చాలావాటిది ఇదే కథ. అమ్మా, రీల్స్ ఎవరు చేస్తారు మీకు? అంగట్లో పనిచేసే అమ్మాయిలు, పాటలకు. నాకు అర్థమైంది. అమ్మాయిలు చక్కగా చేసుంటారు, వాళ్ళ తప్పేం లేదు. చీర చూసేవాళ్ళు రాలేదు, అమ్మాయిలను చూసేవాళ్ళు వచ్చినారు, అంతే. పద్దెనిమిదేళ్ళ కుర్రోడు పట్టుచీర కొనాలంటే వాడికి ఉద్యోగం రావాలి, పెళ్ళి కుదరాలి, అప్పుడు కూడా చీర ఎంచేది వాడు కాదు, వాళ్ళమ్మ.

"ఉంటే ఉండనీ, నష్టమేముంది, నంబర్ బాగుంది కదా" అని మీకు అనిపించొచ్చు. నష్టం ఉంది. ఇది మీకు సరిగ్గా అర్థం కావాలి, ఎందుకంటే మిగతా అంతా దీని మీదనే నిలబడి ఉంది. 2020 జూన్ చివర్లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించినారు, గుర్తుంది కదా. జులైలో ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ మొదలుపెట్టింది. అంతకుముందు మీ పోస్టు ఎక్కువగా చూసేది మీ ఫాలోవర్లే. రీల్స్ వచ్చినాక మీకు ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా మీ వీడియో పోతుంది. ఎవరికి పంపాలనేది దానికి ఎట్లా తెలుస్తుంది? ఇంతకుముందు మీ వీడియోలు ఎవరు ఆగి చూసినారు, ఎవరు మెచ్చుకున్నారు అనేది ఒక ఆనవాలు. ఇన్‌స్టాగ్రామ్ పెద్ద ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పిన ప్రకారం వాళ్ళు ముఖ్యంగా చూసేవి మూడు: ఎంతసేపు చూసినారు, లైకు కొట్టినారా, ఇంకొకరికి పంపినారా. మన ఫాలోవర్లకు చూపించేటప్పుడు లైకుకు బరువెక్కువ, కొత్తవాళ్ళకు చూపించేటప్పుడు ఇంకొకరికి పంపడానికి బరువెక్కువ.

ఇప్పుడు ఆ అరవై ఎనిమిది శాతం కుర్రోళ్ళున్న పేజీలో మీరు ఒక మంచి పెళ్ళి చీర, పెద్దంచు, నిండు కొంగు ఉన్నది, పెట్టినారనుకోండి. అది ముందు ఆ కుర్రోళ్ళలో కొందరి ముందుకు పోతుంది. వాడు ఒక్క సెకను చూసి పైకి తోసేస్తాడు. ఎవరికీ పంపడు. ఇది పనికిరాని వీడియో అని ఇన్‌స్టాగ్రామ్ అనుకుంటుంది, చూడాల్సిన తల్లుల దాకా పోనే పోదు. మీరేమో "పాటల రీల్‌కు లక్ష, చీరల రీల్‌కు రెండొందలు, జనాలకు చీరలంటే ఇష్టం లేదు" అని మళ్ళీ పాటలకు పోతారు. ఇంకా కోపం తెప్పించే సంగతి, డబ్బులు పెట్టి బూస్ట్ చేసేటప్పుడు ఎవరికి చూపించాలి అని అడుగుతుంది కదా, అక్కడ ఆటోమేటిక్ అని ఉంటుంది, అందరూ అదే నొక్కుతారు. ఆటోమేటిక్ అంటే ఏందో తెలుసా? మీ ఫాలోవర్లలాంటి వాళ్ళకు చూపించమని. మీ చేతి డబ్బులు పోసి ఇంకో వెయ్యిమంది కుర్రోళ్ళను తెచ్చుకుంటారు.

బూస్ట్ చేస్తే మీరే సొంతంగా ఊరు ఎంచుకోండి, వయసు ఎంచుకోండి, ఆడవాళ్ళా మగవాళ్ళా ఎంచుకోండి. బజ్జీల అన్న అనంతపురం దాటకూడదు. అంతకుమించి యాడ్స్ గురించి ఈరోజు చెప్పను.

డబ్బులకు ఫాలోవర్లను కొనేవాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరనుకుంటా. ఉన్నా చెయ్యెత్తరు. అవి ఉత్త అకౌంట్లు, చూడవు, కొనవు, కంపెనీ వాటిని ఏరి తీసేస్తూ ఉంటుంది, దాని గురించి ఇంత చాలు. దానికంటే మర్యాదగా కనిపించే రోగం ఇంకొకటి ఉంది, గివ్‌అవే. "మా పేజీ ఫాలో కండి, ముగ్గురిని ట్యాగ్ చేయండి, చీర గెలుచుకోండి." వస్తారు, జాతరలాగా వస్తారు. ఊరకే వస్తుందంటే వచ్చేవాళ్ళకు పేరు ఉంది మనలో, నేను చెప్పను. గెలిచినామె చీర తీసుకుంటుంది, మిగిలినవాళ్ళు ఇంకో గివ్‌అవేకి పోతారు. మీరు ఇవ్వాలనుకుంటే కొనేవాళ్ళకు మాత్రమే పనికొచ్చేది ఇవ్వండి. చీర బదులు, మీ దగ్గర చీర కొన్నవాళ్ళలో ఒకరికి బ్లౌజు మీద మగ్గం వర్కు మా ఖర్చు అని పెట్టండి. చీర కొనే ఆలోచన లేనివాళ్ళు ఆ పోస్టు దగ్గర ఆగరు. ఆగకపోతే మనకు సుఖం.

ఫుడ్ వ్లాగర్ల సంగతి టిఫిన్ అన్న చెప్పమంటున్నాడు, చేత్తో సైగ చేస్తున్నాడు. చెప్తా. మన వైపే ఒక చిన్న హోటల్, ఊరు పేరు చెప్పను. పెద్ద వ్లాగర్ ఒకాయన వచ్చి తిని, ఆహా ఓహో అన్నాడు, వీడియో లక్షల్లో పోయింది. తర్వాత ఆదివారాలు కార్లు వరసకట్టినాయి, వచ్చినవాళ్ళు తినేదానికంటే ఫోటోలు తీసుకునేది ఎక్కువ, ఒక ప్లేటు తెప్పించుకుని నలుగురు వీడియో తీసేది. రోజూ పొద్దున ఏడున్నరకు వచ్చి తిని డ్యూటీకి పోయే మామూలు గిరాకీ నిలబడలేక పక్క హోటల్‌కు అలవాటు పడింది. రెండు నెలలకు కార్లు రావడం ఆగిపోయింది, పక్క హోటల్‌కు పోయినవాళ్ళు తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. వ్లాగర్ తప్పు లేదు, ఆయన పని ఆయన చేసుకున్నాడు. ఆ హోటల్ సరుకు ఊరు దాటి పోయేది కాదు, అది రాష్ట్రమంతా తెలిసింది, అంతే తేడా. మీ ఊరి పిల్లలే నడిపే చిన్న పేజీలు ఉంటాయి, అనంతపురంలో ఈరోజు ఎక్కడ కరెంటు పోతుంది, ఎక్కడ సంత అని పెట్టేవి. ఫాలోవర్లు తక్కువే, అందరూ ఇక్కడివాళ్ళే. టిఫిన్ అన్నకు అది చాలు.

ఇప్పుడు ధర. దీని మీద నేను గట్టిగా మాట్లాడతా, కోపం తెచ్చుకోవద్దు. "ధర కోసం మెసేజ్ చేయండి." ఎందుకు? పక్క అంగడివాడు చూస్తాడని భయం. వాడికి మీ ధర ఎప్పుడో తెలుసు, వాడూ మీరూ చీరలు నేయించే ఒకే మాస్టర్ వీవర్ దగ్గర తెచ్చుకుంటారు. మెసేజ్‌లు ఎక్కువొస్తే పేజీ పెరుగుతుందని ఎవరో చెప్పినారు. సరే, వచ్చిన మెసేజ్‌లకు రాత్రి పదకొండు దాకా జవాబులు రాసేది ఎవరు? మీరే. చూడండి, ఒక చీర పదిహేను వేలు అనుకుందాం. ధర రాయకపోతే వంద మంది అడుగుతారు, తొంభై మంది ధర విని మాయమైపోతారు, మిగిలిన పదిమందికి మీరు జవాబు చెప్పే లోపల వాళ్ళు ఇంకొకరి దగ్గర కొనేసి ఉంటారు. ధర రాస్తే ఆ తొంభై మంది ముందే పోతారు, ఫాలో కూడా కారు. వాళ్ళను పోనివ్వండి. "అమ్మో పదిహేను వేలా" అనే కామెంట్లు వస్తాయి, రానివ్వండి, దాని కిందే ఇది ఎందుకు పదిహేను వేలో రాయండి, ఎన్ని రోజుల మగ్గం పని, జరీ ఏది, అని. ఆ జవాబు చదివి కొనేవాళ్ళు ఉంటారు, కామెంట్ పెట్టినవాళ్ళు కొనకపోయినా.

ధర తర్వాత కొనేవాళ్ళను ఆపేది అనుమానం. దాన్ని తీర్చడం చేతకావాలి మనకు, ఎందుకంటే ఏ సరుకుకు ఆ అనుమానం ఉంటుంది, ఆ అనుమానం ఉన్నవాళ్ళే నిజంగా కొనాలనుకునేవాళ్ళు. కొనే ఉద్దేశం లేనివాళ్ళకు అనుమానాలు రావు. పట్టుచీర అయితే "ఇది అసలు పట్టేనా?" అనేది అనుమానం. ధర్మవరం చేనేత పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, అది చెప్పుకోండి, కానీ ఆ మాట ఎవరైనా చెప్పగలరు, పవర్‌లూమ్ చీర అమ్మేవాడు కూడా చెప్తున్నాడు. మీరు చేసి చూపించండి. చీర కొసన వేలాడే పోగులు ఉంటాయి కదా, పడుగుది ఒకటి, పేకది ఒకటి, కత్తెరతో తీసి, అగ్గిపుల్లతో కాల్చండి, ఫోన్ దగ్గరగా పెట్టండి. అసలు పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీస్తే ఆరిపోతుంది, వేళ్ళతో నలిపితే బూడిద పొడైపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి ముద్దకట్టి గట్టి పూసలాగా మిగులుతుంది. రెండూ పక్కపక్కన కాల్చి చూపించండి. వాసన ఫోన్లోంచి రాదు, కాబట్టి నోటితో చెప్పండి. అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ ఉంటే ఆ లేబుల్ మీది హోలోగ్రామ్‌ను దగ్గరగా చూపించండి. పాట వద్దు, డ్యాన్స్ వద్దు, మీ చెయ్యి, మీ గొంతు చాలు. ఈ వీడియోను ఆగి చివరి దాకా చూసేది ఎవరు? చీర కొనబోయే ఆమె. చూసి ఎవరికి పంపుతుంది? వాళ్ళ అక్కకు, వదినకు. ఇందాక చెప్పినా కదా, పంపడానికి బరువెక్కువ అని, ఇదే అది.

మా ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, రెండో బొంబాయి అంటారు. అక్కడ చిన్న అంగడి వాళ్ళకు నేను చెప్పేది కూడా ఇదే. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకు మాత్రమే ఉండే గుర్తింపు నంబర్, ఉండాలి. కొనేవాళ్ళలో చాలామందికి అది ఎక్కడ ఉంటుందో కూడా తెలియదు. కమ్మ వెనకాల భూతద్దం పెట్టి ఆ నంబర్ చూపించి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏం వస్తుందో చూపించండి, ఒక్క నిమిషం వీడియో. "మా దగ్గరే కొనండి" అని ఒక్క మాట అనొద్దు. ఊరగాయలు, పొడులు చేసే అక్కలు, మీకు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ నంబర్ పద్నాలుగు అంకెలది ఉంటుంది, ప్రొఫైల్లో పెట్టండి. లేకపోతే తీసుకోండి, అది చట్టం. శనక్కాయల పొడి ఎన్ని రోజులు నిలవ ఉంటుంది, ఏ నూనె వాడతారు, డబ్బా కారితే ఏం చేస్తారు, ఇవి అడుగుతారు. ఇవే మీ వీడియోలు. పోయిన నెల మీకు వచ్చిన ఫోన్లలో ఏం అడిగినారో ఒక కాగితం మీద రాసుకోండి, మూడు నెలలకు సరిపడా వీడియోలు అందులోనే ఉంటాయి, ఏ ట్రెండింగ్ పాటా వెతుక్కోవాల్సిన పని లేదు.

సీజన్ మాట రెండు ముక్కల్లో. శ్రావణంలో పెళ్ళి ఉన్నామె శ్రావణంలో చీర కొనదు. బ్లౌజు కుట్టాలి, వర్కు చేయాలి, టైలర్ దొరకాలి. కాబట్టి రెండు నెలల ముందే ఆమె వెతుకుతుంటుంది. ఆషాఢంలో అందరితో పాటు డిస్కౌంట్ పోస్టర్లు వేస్తే వచ్చేది డిస్కౌంట్ ఫాలోవర్లు, మళ్ళీ ఆషాఢం దాకా కనపడరు.

ఇంకొక రకం ఫాలోవర్లు ఉన్నారు, వాళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కొనరు, కానీ కొనేవాళ్ళు వాళ్ళ ముందే కూర్చుని ఉంటారు. మగ్గం వర్కు చేసే టైలర్, పెళ్ళికూతురికి మేకప్ చేసే అమ్మాయి, ఫంక్షన్ హాల్ మేనేజర్, పెళ్ళి ఫోటోగ్రాఫర్. "అక్కా, ఈ రంగుకు బాగుండే చీర ఎక్కడ దొరుకుతుంది?" అని టైలర్‌నే కదా అడుగుతారు. అనంతపురంలో, ధర్మవరంలో, కదిరిలో ఇట్లాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో వెతికి ఒక్కొక్కరినీ మీరే ముందు ఫాలో కండి, వాళ్ళ పని బాగుంటే నిజంగా బాగుందని రాయండి, మీ చీరకు వాళ్ళు వేసిన వర్కు ఫోటో వాళ్ళ పేరుతో పెట్టండి. ఇది నిదానంగా జరిగే పని. నాకు తెలిసినంతలో దీనికంటే గట్టి పని ఇంకొకటి లేదు.

వాట్సాప్ గురించి చెప్పకుండా దిగితే మీరు ఊరుకోరు. వాట్సాప్ బిజినెస్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ ఉంది కదా, ఒకే మెసేజ్ ఒకేసారి చాలామందికి పంపేది, ఒక్కో లిస్టుకు 256 మంది. దానిలో చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది, మీ నంబర్ వాళ్ళ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ పోతుంది. మీ దగ్గర వాళ్ళ నంబర్ ఉంటే చాలదు. దీన్ని అందరూ ఇబ్బంది అనుకుంటారు, నేను వరం అంటా. మీ నంబర్ సేవ్ చేసుకున్న మనిషి అంటే, మళ్ళీ మీతో పని పడుతుందని అనుకున్న మనిషి. బిల్లు ఇచ్చేటప్పుడు, డబ్బాలో పెట్టే చీటీ మీద, "కొత్త సరుకు వస్తే చెప్తాం, ఈ నంబర్ సేవ్ చేసుకోండి" అని రాయండి. అట్లా సేవ్ చేసుకున్నవాళ్ళు రెండొందల మంది ఉంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇరవై వేల మంది ఉన్న పేజీని చూసి మీరు టెన్షన్ పడాల్సిన పని లేదు. వాళ్ళకు రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపి ఆ నంబర్ బ్లాక్ చేయించుకోవద్దు, అదొక్కటి.

ప్రశ్నలు ఉంటే అడగండి. మైకు ఆ చెల్లెలికి ఇవ్వండి.

"సార్, ఇప్పుడు నా పేజీలో ఉన్న ఆ అబ్బాయిలందరినీ ఏం చేయాలి? కొత్త పేజీ తెరవాలా?"

అవసరం లేదమ్మా. కొత్త పేజీ తెరిస్తే పాత కస్టమర్లు కూడా పోతారు. దొంగ అకౌంట్లు అని తెలిసిపోయేవి, ఫోటో ఉండదు, పేరు నిండా అంకెలు, వాటిని ఫాలోవర్ల లిస్టులోకి పోయి తీసేయొచ్చు, తీసినట్టు వాళ్ళకు కబురు పోదు. మిగిలినవాళ్ళను వాళ్ళ పాటికి వదిలేయండి. పాటల రీల్స్ ఆపేయండి, కాల్చి చూపించేది, మడత విప్పి కొంగు చూపించేది, ధర చెప్పేది, ఇవి పెట్టుకుంటూ పోండి. మొదట్లో వ్యూస్ పడిపోతాయి, ఇంట్లోవాళ్ళు "ఏమైంది, ఎవరూ చూడట్లేదు" అంటారు. వ్యూస్ చూడొద్దు, సేవ్ చేసుకున్నవాళ్ళు ఎంతమంది, పంపినవాళ్ళు ఎంతమంది అనేది చూడండి. నెలకొకసారి ఇందాక చూసిన ఇన్‌సైట్స్‌లోకి పోయి ఆడవాళ్ళ శాతం ఎంత పెరిగిందో రాసి పెట్టుకోండి. అది కదులుతుంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

"నాది మొబైల్ రిపేరీ అంగడి అన్నా, సప్తగిరి సర్కిల్ దగ్గర. నేనేం రీల్స్ చేయాలి?"

నీకు రీల్స్ ఎందుకు తమ్ముడూ? డిస్‌ప్లే పగిలినోడు ఇన్‌స్టాగ్రామ్ చూస్తూ కూర్చోడు, పక్కోడి ఫోన్ అడుక్కుని గూగుల్‌లో "దగ్గర్లో మొబైల్ రిపేరీ" అని వెతుకుతాడు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టు, అంగడి బోర్డు కనపడేట్టు ఫోటో, తెరిచే టైము, మూసే టైము సరిగ్గా పెట్టు, ఆదివారం ఉంటావో లేదో పెట్టు. రిపేరీ అయిన ఫోన్ చేతికిచ్చి వాళ్ళు సంతోషంగా ఉన్నప్పుడే, "అన్నా ఒక రివ్యూ రాయండి" అని అడుగు, ఏ మోడల్, ఏం పోయింది అని రాయమను. డబ్బులిచ్చి రాయించొద్దు, తెలిసిపోతుంది.

"మా అమ్మ ఓళిగలు (బొబ్బట్లు) చేస్తుంది సార్. ఎంతమంది ఫాలోవర్లు ఉంటే సరిపోతుంది?"

అమ్మ రోజుకు ఎన్ని చేయగలదు? "నూట యాభై, అంతకంటే అయితే చేతులు నొప్పి." ఎన్ని రోజులు నిలవుంటాయి? "రెండు రోజులు." ఎవరైనా సాయం ఉన్నారా? "నేనే." ఒక్కొక్కరు పది తీసుకుంటారనుకో, రోజుకు పదిహేను ఇళ్ళు. ఒక్కో ఇల్లు నెలకొకసారి తెప్పించుకున్నా, నెలంతటికీ నీకు కావాల్సింది నాలుగొందల యాభై ఇళ్ళు, అవీ బండి మీద పోయి ఇచ్చి రాగలిగేంత దగ్గరలో. ఇప్పుడు ఎంతమంది ఉన్నారు నీకు? "మూడు వేల ఎనిమిది వందలు." అందులో అనంతపురంవాళ్ళు ఎంతమందో చూసి చెప్పు, అప్పుడు మాట్లాడదాం.